ఆకు అచ్చుల జేన్

మొక్కల శాస్త్రం చదవాలంటే లాటిన్ రావాల్సిన రోజులవి. అమెరికాలో, న్యూయార్క్‌కు ఎగువన ఓ పల్లెలో పెరిగిన జేన్ కోల్డెన్‌కి (1724–1766) ఆ భాష రాదు. అయితేనేం? లిన్నేయస్ పద్ధతిని తండ్రి కాడ్వలాడర్ కోల్డెన్ ఇంగ్లీషులో విడమరిచి చెప్పాడు. ఇక ఆగలేదామె! హడ్సన్ నది లోయలో 300కు పైగా మొక్కల వివరాలు రాసింది. ఆకులకు సిరా పూసి కాగితంపై అచ్చులు తీసింది. అక్కడి ఆదివాసులు, పల్లెజనం చెప్పిన మూలికా వైద్యాలూ రాసిపెట్టింది. ఇంట్లో చీజ్ చేయడంలోనూ దిట్టేనట!

1759లో పెళ్లయింది. ఆ తర్వాత మొక్కల మీద రాసిన దాఖలాల్లేవు. 41 ఏళ్లకే కన్నుమూసింది.

తండ్రి పేరిట లిన్నేయస్ పెట్టిన 'కోల్డెనియా' మన వరిమళ్లలోనూ పెరుగుతుంది. కూతురి పేరూ ఓ మొక్కకు పెట్టమని మిత్రులు అడిగినా, అది నిలవలేదు. నిలిచింది ఆమె రాతప్రతే. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఇప్పటికీ భద్రంగా ఉంది.