దోసెడు కొల్లేటి నీరు

కృష్ణా గోదావరీ డెల్టాల నడుమ కొల్లేరు కలదు. బుడమేరు, తమ్మిలేరు మున్నగునవి దీనిలో కలియుచున్నవి; మిగులు నీరు ఉప్పుటేటి ద్వారా సముద్రమును చేరును. 1999లో దీనిని వన్యప్రాణి సంరక్షణ కేంద్రముగా ప్రకటించిరి. ఇచ్చటికి వచ్చువారు గూడబాతులను చూచి ఆనందింతురు. ఆ పక్షులకు ఆహారము చేప. మరి అప్పుడే పుట్టిన చేపపిల్లకు ఆహారమేమి? దోసెడు నీరు గాజుపాత్రలో పోసి వెలుతురున చూడుడు. తెల్లని నలుసులు కుదుపుకుదుపుగా కదలుచుండును. ఆ నలుసులే దాని ఆహారము.

వీనిలో రోటిఫరులు మిక్కిలి చిన్నవి. తలపైనున్న సన్నని కేశములను చక్రమువలె ఆడించి ఆహారమును నోటిలోనికి లాగుకొనును. క్లాడోసెరా అను తెగవి పారదర్శకమైన చిప్పలో నుండును. సూక్ష్మదర్శినిలో వాని గుండె కొట్టుకొనుట సైతము కానవచ్చును. వేరొకటి ఒంటికన్ను సైక్లాప్స్. పూర్వము దిగుడుబావుల నీరు త్రాగినవారికి నారికురుపు వచ్చుట దీని మూలముననే. నీటిని గుడ్డతో వడగట్టి త్రాగుట ఆ వ్యాధినివారణకు ఎంతయో తోడ్పడెను. 2000లో మన దేశము ఆ వ్యాధినుండి విముక్తి పొందినట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువపరచెను.

పరిశీలకుని వల కూడ ఆ గుడ్డవంటిదే. అతడు అటవీశాఖ అనుమతి పొంది పడవపై వెడలి, 50 లీటర్ల నీటిని సన్నని కన్నుల వలలో పోయును. వల అడుగున నిలిచిన ప్రాణులను 50 మిల్లీలీటర్ల నీటితో సీసాలో చేర్చి, చెడకుండ ఫార్మలిన్ కలుపును. అనగా సీసాలోని ఒక్కొక్క మిల్లీలీటరున సరస్సులోని ఒక్కొక్క లీటరు ప్రాణులు చేరినవన్నమాట. ఒక మిల్లీలీటరును గళ్ళపలకలో పోసి లెక్కింపగా 20 కనబడినచో, సరస్సున లీటరుకు 20 ఉన్నవి.

లెక్క సులభమే, మోసపోవుటయు సులభమే. ఈ ప్రాణులలో పెక్కు చేపల కంటబడకుండ పగలు అడుగునకు దిగి, రాత్రి పైకి వచ్చును. మధ్యాహ్నము ఒకరు, చీకటిపడిన పిదప మరియొకరు పైనీటిని ముంచి లెక్కించినచో, సరస్సు మారకున్నను లెక్కలు మారును. కావున అదే చోట, అదే వేళ, నెలనెలా లెక్కింపవలెను.

ఇంత శ్రమ ఎందుకనగా, మురుగును ఎరువును కలిసిన నీట నాచు పెరుగును. బ్రాకియోనస్ వంటి రోటిఫరులు తరచుగా విస్తరించును. కొల్లేటిలో త్రవ్విన చేపల చెరువుల గట్లను 2006లో తెగగొట్టిరి. అట్టి పని వలన నీరు బాగుపడినదో లేదో గట్టున నిలిచి చెప్పజాలము. ముందటి లెక్కను, తరువాతి లెక్కను ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. ఏ సీసా ఎప్పటిదో తెలియనిచో ఈ శ్రమ వ్యర్థము. అందుచే స్థలము, తేదీ, వేళ వ్రాసిన చీటిని సీసాలోపలనే వేయుదురు. ఆ వ్రాత పెన్సిలుతోనే. సిరా యైనచో తడిసి చెరగిపోవును.