వార్తల్లో పదం: క్యాంపస్ ప్రివ్యూ వీకెండ్

సీటిచ్చిన విద్యార్థులను అమెరికాలోని ఎంఐటీ ఏటా ఏప్రిల్‌లో కేంబ్రిడ్జ్ క్యాంపస్‌కు పిలిచి కొన్ని రోజులు ఉంచుకునే కార్యక్రమమిది. హార్వర్డ్‌లో దీని పేరు విజిటాస్, యేల్‌లో బుల్‌డాగ్ డేస్.

ఎంఐటీ ఫలితాలు మార్చి మధ్యలో వస్తాయి. చేరేదీ లేనిదీ మామూలుగా మే 1లోగా తేల్చి చెప్పాలి. రెండు మూడు పెద్ద విద్యాసంస్థల్లో సీటొచ్చిన పిల్లలను తమవైపు తిప్పుకోవడానికి వర్సిటీలకు ఉన్న గడువు ఆ కొద్ది వారాలే. అంతవరకు దరఖాస్తులు పట్టుకు తిరిగిన విద్యార్థిదే ఇప్పుడు పైచేయి.

వచ్చినవారు హాస్టల్‌లో సీనియర్ల గదుల్లోనే సర్దుకుంటారు, క్లాసుల్లో కూర్చుంటారు. అర్ధరాత్రి దాటినా ఏదో ఒక కార్యక్రమం నడుస్తూనే ఉంటుంది. చాలావరకు విద్యార్థులే నిర్వహిస్తారు. నన్నడిగితే, సీనియర్‌ను పక్కకు పిలిచి ‘నిద్ర సరిపోతోందా, ఫెయిలైతే ఏంటి పరిస్థితి?’ అని అడగగలగడమే అన్నిటికన్నా విలువైనది. మొదటి సెమిస్టర్‌లో తప్పిన సబ్జెక్టు అక్కడి ట్రాన్స్‌క్రిప్టుకెక్కదన్న ఊరట ఇలాంటి కబుర్లలోనే మనసుకెక్కుతుంది.

బోస్టన్ మారథాన్ బాంబు నిందితుడి గాలింపుతో 2013లో విజిటాస్ రద్దయింది. 2020లో కోవిడ్‌తో ఇవన్నీ ఆన్‌లైన్‌కు మారాయి. హైదరాబాద్, విజయవాడల నుంచి వెళ్లాలంటే మాత్రం ఆ కొద్ది వారాల్లోనే వీసా, విమాన టికెట్ రెండూ కుదరాలి.