ప్యాకెట్టు లోపలి పరీక్ష

తపాలా కార్యాలయములో ఉత్తరములను వేరుచేయు గుమాస్తా కవరు మీది చిరునామాను మాత్రమే చూచును. లోపల ఉన్నది పెండ్లి పిలుపో, బాకీ నోటీసో అతనికి తెలియదు. తెలియవలసిన పనియు లేదు. ఇంటర్నెట్టును నిర్మించినవారును ఇట్టి పద్ధతినే అవలంబించిరి. కాని నేడు కవరు లోపల కూడ తొంగి చూడగల యంత్రములు వచ్చినవి. ఈ పనికే ‘డీప్ ప్యాకెట్ ఇన్‌స్పెక్షన్’ అని పేరు. ప్యాకెట్టు లోపలి పరీక్ష అని మనము చెప్పుకొనవచ్చును.

ఒక కంప్యూటరు నుండి మరియొక దానికి పోవు సమాచారము ముక్కలుగా ప్రయాణము చేయును. ఈ ముక్కయే ప్యాకెట్టు. సాధారణముగా ఇది 1500 బైట్లకు మించదు. దాని ముందు శీర్షిక యుండును. ఐ.పి. శీర్షికకు కనీసము 20 బైట్లు, దాని వెంట వచ్చు టి.సి.పి. శీర్షికకు మరి 20 బైట్లు కావలెను. పంపినవాని చిరునామా, చేరవలసిన చిరునామా, పోర్టు సంఖ్యలు ఇందు వ్రాయబడి యుండును. త్రోవ చూపు రూటరునకు చిరునామాయే చాలును.

పోర్టు సంఖ్య యనగా కార్యాలయములో గది సంఖ్య వంటిది. 25 అన్నచో మెయిలు, 80 అన్నచో వెబ్బు. పూర్వము ఈ సంఖ్యను చూచి లోపలి సరకు ఏదో చెప్పుట సులభముగా నుండెను. ఇప్పుడట్లు కాదు. ఒక కళాశాలలో సాయంకాలము నాలుగు గంటలకు నెట్‌వర్కు మందగించిన దనుకొందము. అధికారి శీర్షికలను లెక్కింపగా దాదాపు అంతయు 443వ పోర్టునకే పోవుచున్నది. అవి పాఠములా, సినిమాలా, లేక ప్రయోగశాలలోని యంత్రములన్నియు ఒక్కసారి తెప్పించుకొనుచున్న సాఫ్టువేరు సవరణలా? శీర్షిక చెప్పజాలదు. కారణము తెలియనిదే మందు వేయుట యెట్లు?

పరీక్షాయంత్రము మొదట ఒకే సంభాషణకు చెందిన ప్యాకెట్లను ఒకచోట చేర్చును. రెండు చిరునామాలు, రెండు పోర్టులు, రవాణా విధానము అను ఐదును కలిసినచో అవి ఒకే ప్రవాహము. గుర్తుపట్టవలసిన మాట రెండు ప్యాకెట్ల నడుమ తెగి యుండవచ్చును గనుక వాటిని వరుస సంఖ్యలను బట్టి కూర్చును. పిదప లోపలి గుర్తులను వెదకును. బిట్‌టొరెంట్ సంభాషణ 19 అను విలువగల బైటుతో మొదలై, వెంటనే 19 ఆంగ్లాక్షరముల తన పేరు చెప్పుకొనును. ఈ విధముగా తొలి కొన్ని ప్యాకెట్లతోనే సాధారణముగా ప్రవాహపు జాతి తేలును. తరువాతి వానిని లెక్కించిన చాలును.

ఈ పనికి వ్యవధి అత్యల్పము. సెకనుకు 10 గిగాబిట్లు మోయు మార్గమున అతి చిన్న ప్యాకెట్లు వచ్చినచో, సెకనుకు సుమారు 1 కోటి 48 లక్షలు వచ్చును. ఒక్కొక్క దానికి దక్కునది 67 నానోసెకనులు. ఆ లోపల కాంతి యైనను 20 మీటర్లే పోగలదు. వేలకొలది గుర్తులను ఒక్కటొక్కటిగా వెదకుటకు తీరిక యెక్కడిది? 1975లో ఆల్‌ఫ్రెడ్ ఆహో, మార్గరెట్ కొరాసిక్ ప్రకటించిన పద్ధతి ఇట్టి చోట అక్కరకు వచ్చును. రాముడు, రామయ్య, రామారావు అను పేర్లను వెదకునపుడు ‘రామ’ అను భాగమును మూడు మారులు చదువ నక్కరలేదు గదా! ఆ పద్ధతి అన్ని మాటలను ఒకే చెట్టుగా అల్లి, పాఠమును ఒక్కసారి చదువుటతోనే అన్నిటిని పట్టును.

అయితే నేడు చాలవరకు ఉత్తరములు లక్క ముద్రతో వచ్చుచున్నవి. టి.ఎల్.ఎస్. అను సంకేత విధానము లోపలి మాటలను గూఢలిపిగా మార్చును. ఐనను సంభాషణ మొదటి పలకరింపులో, చేరవలసిన సైటు పేరు చాలచోట్ల బహిరంగముగనే పోవుచున్నది. దానిని కూడ మరుగుపరచు ఏర్పాట్లు వచ్చినవి. అప్పుడు మిగులునది ప్యాకెట్ల పరిమాణము, వాటి నడక. చిన్న ప్యాకెట్లు 20 మిల్లీసెకనుల కొకటి చొప్పున వచ్చినచో మాటలాడు చున్నారని ఊహింపవచ్చును. పెద్దవి గుంపులు గుంపులుగా వచ్చినచో వీడియో కావచ్చును. ఇది ఊహయే, పొరపడుటకు అవకాశము కలదు.

జబ్బు తెలియుటకు ఉపకరించు సాధనమే అన్యాయమునకును ఉపకరింపగలదు. అమెరికాలో కామ్‌కాస్ట్ అను సంస్థ బిట్‌టొరెంట్ ప్రవాహములను గుర్తించి, సంభాషణ ముగింపుమను నకిలీ ప్యాకెట్లను అవతలి కంప్యూటరు పంపినట్లుగా పంపెను. 2007 అక్టోబరులో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ బైబిలు ప్రతిని పంచి పరీక్షించి ఈ సంగతిని బయటపెట్టెను. 2008లో అక్కడి సమాచార సంఘము ఇది ఉత్తరములను విప్పి చదివి, వాటి రకమును బట్టి బట్వాడా చేయుట వంటిదని తప్పుపట్టెను. 2010లో న్యాయస్థానము ఆ సంఘమునకు అట్టి అధికారము నిరూపితము కాలేదని ఉత్తర్వును కొట్టివేసినను, ప్రశ్న మాత్రము మిగిలినది. మన దేశమున 2018 జూలైలో ప్రభుత్వము ఆమోదించిన సూత్రముల ప్రకారము, ఇంటర్నెట్టు అందించువారు విషయమును బట్టి అడ్డగించుట, మందగింపజేయుట కూడదు. సహేతుకమైన రద్దీ నిర్వహణ చేయవచ్చును.

కాబట్టి కళాశాల అధికారి యైనను ఏ రకమెంత పోవుచున్నదో లెక్కించుటతో ఆగవలెను. ఎవరేమి చదివిరో వ్రాసి దాచరాదు. పరీక్ష జరుగుచున్నదని విద్యార్థులకు ముందే చెప్పవలెను. సంచి బరువు తూచుట వేరు. సంచిలోని ఉత్తరము చదువుట వేరు. యంత్రమునకు ఆ భేదము తెలియదు. దానిని నడుపు మనుష్యునకు తెలియవలెను.