తూకానికి అందని పని

బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో నిలబడి చేతిపని పవిత్రమైందని ఎవరైనా చెబితే ఇక్కడివాళ్లు నమ్మరు. నమ్మనక్కరలేదు కూడా. చెమ్మాసు అనే పెద్ద పారతో బొగ్గు తోడి, తట్టకెత్తి, టబ్బులు నింపిన తరం ఈ కాలనీల్లోనే ఉంది. నడుములూ మోకాళ్లూ ఊపిరితిత్తులూ ఆ పనికి ఏం చెల్లించాయో ఇంటింటికీ తెలుసు. సింగరేణి బాయిల్లోకి బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్, ఎల్‌హెచ్‌డీ యంత్రాలు దిగాయి, అడ్రియాలలో లాంగ్‌వాల్ వచ్చింది, తట్టా చెమ్మాస్ పని పోయింది. యంత్రాలతో కొలువులు తగ్గడం వేరే బాధ, అది చిన్నదేమీ కాదు. కానీ బొగ్గుకు మాత్రం ఏ లోటూ రాలేదు. ఎన్టీపీసీ బాయిలర్‌లో మండే బొగ్గును ఎవరు నింపారో చెప్పే ఆనవాలు అందులో ఉండదు. అందుకే కళలో చేతిపని విలువను కష్టం మీద నిలబెట్టకూడదు. చెమటే కొలత అయితే తట్ట మోసిన మనిషిని మించిన కళాకారుడు ఉండడు.

మరి దేనిమీద నిలబెట్టాలి? రాజీవ్ రహదారి మీద కరీంనగర్ దాకా వెళితే జవాబు దొరుకుతుంది. అక్కడి వెండి తీగల పనికి, అంటే సిల్వర్ ఫిలిగ్రీకి, 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. వెండిని కరిగించి కడ్డీ పోసి, కమ్మచ్చులోంచి లాగి లాగి సన్నటి తీగ తీస్తారు. రెండు తీగలకు పురిపెట్టి, అదిమి, పట్టకారుతో ఆకులుగా, పూలుగా, చుట్లుగా వంచి, కాస్త మందపు తీగతో కట్టిన చట్రంలో ఒదిగిస్తారు. ఆపైన వెలిగారం, టంకం వేసి మంట చూపిస్తారు. టంకం కరగాలి, తీగ కరగకూడదు. ఆ రెంటికీ నడుమ ఉన్న వ్యవధి రెప్పపాటే. చుట్టు ఎంత బిగువుండాలి, ఏ సందులో ఇంకో తీగ పడుతుంది అన్నవి ముందు గీసుకున్న బొమ్మలో పూర్తిగా ఉండవు, వేళ్ల కింద తీగ వంగే తీరును బట్టి అప్పటికప్పుడు తేలతాయి. అత్తరుదానిలోనైనా పళ్లెంలోనైనా చివరికి మిగిలేవి ఆ నిర్ణయాలే. అదే వస్తువుకు అచ్చుపోసిన నకలులో నిర్ణయాలన్నీ అచ్చు చెక్కిన రోజే అయిపోయాయి. చెక్కినవాడూ కళాకారుడే, కాదనలేం. కానీ వెయ్యో నకలు దగ్గర అతని చేయి లేదు. వెలుతురుకు పట్టి చూస్తే కంటికే తెలుస్తుంది. నకలులో తీగ ఉండదు, తీగలాంటి గీత ఉంటుంది. పురి మొద్దుబారుతుంది, సందులు పూడుతాయి, బరువు పెరుగుతుంది.

తీగ లాగడానికి, అదమడానికి మిషను వాడితే అది చేతిపని కాకుండా పోతుందా అని అడగవచ్చు. పోదు. ఆ దశల్లో తేల్చుకోవాల్సింది తక్కువ, అవి టబ్బు నింపడం లాంటివే. అక్కడ ఒంటిని కాపాడే యంత్రాన్ని వద్దనడానికి కారణం లేదు. పేదవాడికి అందేది యంత్రం చేసిన వస్తువే కదా అన్నది ఇంకా బలమైన అభ్యంతరం. సిరిసిల్లను చూస్తే అది నిజమేనని ఒప్పుకోవాలి. 2017లో మొదలైన బతుకమ్మ చీరలు మరమగ్గాల మీద నేసినవి. ఊరూరా అన్ని లక్షల మంది ఆడవాళ్లకు చేనేత చీర ఇవ్వడం అయ్యే పని కాదు. ఆ సిరిసిల్లలోనే యెల్ది హరిప్రసాద్ అనే నేతన్న జీ20 చిహ్నాన్ని చేత్తో నేసి ప్రధానికి పంపితే, 2022 నవంబరులో మన్ కీ బాత్‌లో దాని ప్రస్తావన వచ్చింది. ఒక ఊళ్లో రెండు రకాల నేతలూ ఉండవచ్చు. ఒకదాన్ని రెండోదని చెప్పి అమ్మినప్పుడే నష్టం, అదీ ముందుగా చేతిపనివాడికి.

చేతిపనివాడికి జరిగే నష్టానికి కొనేవాళ్లమైన మనమూ బాధ్యులమే. వెండి వస్తువు చేతిలోకి తీసుకోగానే తూకం అడుగుతాం, ఆ తర్వాత మజూరి తగ్గించమంటాం. బాయిలో టబ్బులు నింపే ఫిల్లర్‌కు టబ్బుల లెక్కన కూలి కట్టడంలో అర్థముండేది, ఎక్కువ నింపినవాడు ఎక్కువ పని చేసినట్టే. ఫిలిగ్రీలో చేయి తిరిగినకొద్దీ తీగ సన్నబడుతుంది, వస్తువు తేలికవుతుంది. అక్కడా గ్రాముల లెక్కే చూస్తే పనితనం పెరిగేకొద్దీ కూలి తగ్గుతుంది. భౌగోళిక గుర్తింపు ఆ పేరును కాపాడగలదు గానీ మజూరిని నిర్ణయించలేదు. వస్తువుతోపాటు ఇచ్చే చీటీలో వెండి ఖరీదు ఒక వరసలో, దాని మీద పనిచేసిన రోజులు ఇంకో వరసలో రాస్తే, బేరం దేనిమీద ఆడుతున్నామో మనకే కనిపిస్తుంది.