కొండల ఫోటోకు ఏ చిన్న కెమెరా కొనాలి?

ప్రశ్న: షాపులో రెండు చిన్న కెమెరాలు చూశాం. రెండింటి మీదా 20 మెగాపిక్సెల్స్ అనే రాసి ఉంది. ధరలో మాత్రం చాలా తేడా. ఎందుకు? హైదరాబాద్‌లో జూబ్లీహిల్స్ బండలు, దుర్గం చెరువు ఫోటోలు తీయాలంటే ఏది కొనాలి?

జవాబు: ముందు ఆ దృశ్యంలో కష్టమెక్కడుందో చూద్దాం. సాయంత్రం జూబ్లీహిల్స్ వైపు గట్టు మీద నిలబడి దుర్గం చెరువు మీదుగా పడమటికి చూస్తే ఆకాశం కళ్లు చెదిరేలా ఉంటుంది. మనవైపు బండలన్నీ నీడలో ఉంటాయి. మన కన్ను ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరుగుతూ, దేనికి తగ్గట్టు దానికి సర్దుకుంటుంది. కెమెరా మాత్రం ఆ రెండింటినీ ఒక్కసారే పట్టుకోవాలి.

ఫిల్మ్‌నగర్ షూటింగుల్లో నటుడి ముఖం మీద నీడ పడితే థర్మాకోల్ షీటు అడ్డం పెట్టి వెలుగును అటు మళ్లిస్తారు. చెరువంత దృశ్యానికి అలా వెలుగు పట్టడం ఎవరి వల్లా కాదు. కాబట్టి భారమంతా సెన్సర్ మీదే పడుతుంది.

సెన్సర్ అంటే లెన్సు వెనక ఉండి, వెలుగును విద్యుత్ సంకేతంగా మార్చే పలక. 20 మెగాపిక్సెల్స్ అంటే దాని మీద 2 కోట్ల గడులున్నాయని అర్థం. చవక కెమెరాల్లో ఆ పలక సుమారు 6.2 × 4.6 మిల్లీమీటర్లు ఉంటుంది. పేరుకు ‘1 అంగుళం’ అనే రకంలో 13.2 × 8.8 మిల్లీమీటర్లు, అంటే వైశాల్యం దాదాపు 4 రెట్లు. ఒక ఎకరాన్నీ నాలుగు ఎకరాలనూ అన్నే ప్లాట్లు చేస్తే ఎక్కడి ప్లాటు పెద్దదో తెలిసిందే. గడి పెద్దదైతే దాని మీద పడే వెలుగూ ఎక్కువే. పెద్ద పలకకు తగిన లెన్సూ పెద్దదే కావాలి. ధర పెరిగేది అందుకే.

గడి చిన్నదైతే ఏమవుతుంది? ఆకాశం వెలుగుకు త్వరగా నిండిపోయి తెల్లమచ్చ అవుతుంది. నీడలో చాలినంత వెలుగందక చుక్కచుక్కలుగా గరుకు కనిపిస్తుంది. ఆ గరుకును చెరపబోయి కెమెరా అసలు వివరాలనూ చెరిపేస్తుంది. కేబీఆర్ పార్కులో ఏదైనా బండను దగ్గరగా చూడండి. గులాబీ ఛాయ ఫెల్డ్‌స్పార్, గాజులా మెరిసే క్వార్ట్జ్, నల్లటి అభ్రకం రేణువులు విడివిడిగా కనిపిస్తాయి. సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి ఆ గ్రానైట్ చవక కెమెరా ఫోటోలో నీడవైపు సిమెంటు పూసినట్టు నున్నగా వస్తుంది.

కాబట్టి మొదట అడగాల్సింది సెన్సర్ ఎంతని. 2012లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100లో 1 అంగుళం రకం ఉంది. రికో జీఆర్ కెమెరాల్లో 2013 నుంచి అంతకన్నా పెద్దదైన ఏపీఎస్-సి రకం వస్తోంది.

రెండోది లెన్సు. 30 రెట్ల జూమ్ చూసి ఆశపడకండి. దగ్గరి బండ, చెరువు, ఆకాశం ఒకే ఫోటోలో ఇమడాలంటే ఫిల్మ్ కెమెరా లెక్కలో 24 లేదా 28 మిల్లీమీటర్లకు సమానమైన వెడల్పు కోణం కావాలి. 1 అంగుళం సెన్సర్‌తో 24 దగ్గర లెన్సు రంధ్రాన్ని ఎఫ్/4కు పెట్టి, రెండు మీటర్ల దూరానికి ఫోకస్ చేస్తే, సుమారు ఒక మీటరు నుంచి దిగంతం దాకా స్పష్టంగా వస్తుంది.

మూడోది ‘రా’ ఫైలు, అంటే సెన్సర్ పట్టినదాన్ని దాదాపు అలాగే దాచే ఫైలు. జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 మెట్లే ఉంటాయి. 12 బిట్ల రా ఫైలులో 4,096 మెట్లుంటాయి. ఆకాశం తెల్లబోకుండా కాస్త తక్కువ వెలుగుతో తీసి, నీడను ఇంటికొచ్చాక పైకి తేవచ్చు.

నాలుగోది ట్రైపాడ్ బిగించే మర. సాయంత్రం ఐఎస్‌ఓ (సంకేతాన్ని పెంచే స్థాయి) 100 దగ్గరే ఉంచి గరుకు తగ్గించాలంటే షటర్ ఎక్కువసేపు తెరిచి ఉండాలి. చేతిలో పట్టుకుంటే కదులుతుంది. మీట నొక్కినప్పుడూ అదురుతుంది గనుక 2 సెకన్ల టైమర్ వాడండి.

ఇక షాపులోనే ఒక పరీక్ష చేయండి. వెలుగున్న కిటికీ, పక్కనే చీకటి మూల రెండూ వచ్చేలా రెండు కెమెరాలతోనూ ఒక్కో ఫోటో తీసి, ఆ మూలను పెద్దది చేసి చూడండి. మూలలోని వస్తువులు ఏ ఫోటోలో విడివిడిగా తెలుస్తున్నాయో, బండల నీడలనూ ఆ కెమెరాయే చూపిస్తుంది. మీ డబ్బు దాని మీద పెట్టండి.