అద్దె గోడ కూడా అమానతే

ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో అద్దె ఇంట్లో దిగగానే మనం ముందుగా వెదికేది కాబా చిత్రానికి, ఆయతుల్ కుర్సీ తుగ్రాకు చోటు. వెంటనే సుత్తి, మేకు చేతికొస్తాయి. ఇల్లు ఖాళీ చేసేనాడు ఆ చిల్లుల దగ్గరే అడ్వాన్సు తగాదా మొదలవుతుంది.

1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, వాడకంలో సహజంగా జరిగే అరుగుదల మినహా ఇంటిని తీసుకున్న స్థితిలోనే తిరిగి అప్పగించాలి. తిరిగి అప్పగించవలసిన దానిని మనం అమానత్ అంటాం. గోడ కూడా అంతే.

కనుక ముందున్న మేకులనే వాడుకుందాం. ఫ్రేమును బీరువా మీదో గూటిలోనో గోడకు ఆనించి నిలబెడదాం. సున్నం గోడకు జిగురు టేపు వద్దు. తీసేటప్పుడు సున్నం పెచ్చులుగా ఊడుతుంది. ఆయిల్ పెయింట్ గోడకైతే అతికించే కొక్కెం పనికొస్తుంది. దాని పట్టీని గోడ వెంబడి కిందికి మెల్లగా లాగాలి. కొల్లేటి చుట్టుపక్కల ఊళ్లలో వానాకాలపు చెమ్మకు జిగురు సడలవచ్చు, బరువైన అద్దాల ఫ్రేములు దానికి తగిలించకూడదు. ఏలూరు తివాచీ ఒకటి నేల మీద పరిస్తే గోడను తాకకుండానే గదికి అందం వస్తుంది.

మేకు తప్పదనుకుంటే ఇంటివారిని ముందే అడుగుదాం. అడగడం చిన్నతనం కాదు. మనం శుభ్రంగా అప్పగించిన ఇల్లు, రేపు మన వెనుక వచ్చే కుటుంబానికి సులువుగా దొరుకుతుంది.