పిల్లల వాసన పట్టుకుని ఏరెక్కే లాంప్రే

వరదనీటికి గోదావరిలో ఎదురీదే పులస గురించి యానాం వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదిలోకి వచ్చే చేప అది. లాంప్రే కూడా అదే పని చేస్తుంది. మన నదుల్లో ఇది ఉండదు, ఉత్తర అమెరికా, యూరప్ లాంటి చలి ప్రాంతాలది. పాములా పొడుగ్గా ఉంటుంది, దవడలుండవు. సముద్ర లాంప్రే అయితే గుండ్రటి నోటితో పెద్ద చేపలకు అంటుకుని నెత్తురు పీలుస్తుంది.

సాల్మన్ చేప తాను పుట్టిన ఏటికే తిరిగొస్తుంది. లాంప్రేకు ఆ పట్టింపు లేదు. ఏ ఏటిలో పిల్లలు బతుకుతాయో అది వాసనతో తెలుసుకుంటుంది. ఆ వాసన అక్కడ ముందే పెరుగుతున్న లాంప్రే పిల్లలది.

లార్వా అనే ఈ పిల్లలు ఏటి అడుగు బురదలో దూరి, కొట్టుకొచ్చే నాచునూ కుళ్లిన ఆకుల నలుసులనూ వడగట్టుకు తింటూ కొన్నేళ్లు గడుపుతాయి. తిన్నది అరగడానికి వాటి కాలేయం పైత్యరసం తయారుచేస్తుంది. అందులోని పెట్రోమైజోనాల్ సల్ఫేట్, ఆలోకోలిక్ ఆమ్లం నీటిలో కలుస్తాయి. లీటరు నీటిలో గ్రాములో వందకోట్లో వంతుకు తక్కువగా ఉన్నా పెద్ద లాంప్రే ముక్కు పసిగట్టేస్తుంది. పెద్దయ్యేసరికి దానికి పిత్తాశయం, పైత్యనాళాలు పూర్తిగా పోతాయి. (పైత్యనాళాలు మూసుకుపోయే పసిబిడ్డల జబ్బు అర్థం చేసుకోవడానికి పరిశోధకులు లాంప్రేను చూస్తున్నది అందుకే.) కాబట్టి ఈ వాసన వస్తోందంటే అక్కడ పిల్లలు తింటూ పెరుగుతున్నట్టే.

మరి ఒక్కో జాతి పిల్లలది ఒక్కో వాసనా? కాదని 2004లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. ఉత్తర అమెరికాలోని వేర్వేరు జాతుల లార్వాలు ఈ పైత్యరస ఆమ్లాలనే వదులుతున్నాయి. పరాయి జాతి పిల్లలున్న నీటివైపు కూడా పెద్దవి ఈదుతున్నాయి.

అమెరికా, కెనడాల మధ్య ఉన్న మహా సరస్సులకు ఇది తలనొప్పి. నయాగరా జలపాతాన్ని దాటించే కాలువ మీదుగా పైకి చేరిన సముద్ర లాంప్రే 1921లో ఈరీ సరస్సులో కనిపించింది, 1938కల్లా సుపీరియర్‌లోనూ దొరికింది. ట్రౌట్ చేపల వేట కుప్పకూలి జాలరుల బతుకు దెబ్బతింది. దాదాపు ఆరువేల రసాయనాలు పరీక్షించాక దొరికిన మందును 1958 నుంచి ఏళ్లలో కలిపి లార్వాలను చంపుతున్నారు. అయితే ఆ ఏటిలో స్థానిక లాంప్రే పిల్లలు మిగిలి ఉంటే, వాటి వాసనే శత్రువును మళ్లీ పిలవగలదు. వాసననే ఎరగా వేసి బోనుల్లో పట్టాలనీ చూశారు. ప్రయోగశాలలో కలిపిన మిశ్రమం నదిలో పిల్లల అసలు వాసనంతగా పనిచేయలేదు.

పశ్చిమాన కొలంబియా నది దగ్గర కథ తిరగబడింది. అక్కడి పసిఫిక్ లాంప్రే ఆదివాసీ తెగలకు తరతరాల ఆహారం. ఆనకట్టలు కట్టాక అది బాగా తగ్గిపోయింది. యూమటిల్లా తెగవారు 2000 ప్రాంతం నుంచి పెద్ద లాంప్రేలను పట్టి, ఖాళీ అయిన ఏళ్లలో వదులుతున్నారు. అవి గుడ్లు పెడితే బురదలో పిల్లలుంటాయి. ఆ పిల్లల వాసనకు మిగతావి వాటంతటవే వస్తాయని ఆశ.